కిలో లోపు

జీడిపప్పు పొట్టు తీస్తే కిలోకి ఇంతని కూలి.
కాశీబుగ్గలో పదకొండేళ్ళుగా
నా వేళ్ళకి కిలో తప్ప వేరే లెక్క తెలీదు.
ఏడో నెల సొరబడీ సొరబడకుండానే పుట్టింది పిల్ల.
ఎనిమిది వందల అరవై గ్రాములు.
ఏ మేస్త్రీ కూలి కట్టని తూకం.

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో గాజుపెట్టె.
చీటీ మీద పేరు లేదు, ‘కూర్మావతి బిడ్డ’ అని ఉంది.
ఎర్రటి ఒళ్ళు, వెలుతురు
అటునించి ఇటు కనపడేంత పల్చన.
"ఊపిరితిత్తులు ఇంకా పండలేదమ్మా" అన్నాడు డాక్టరు.
పచ్చి గింజ పగలకొడితే
లోపల పప్పు పాలు కారుతుంటుంది, నాకు తెలుసు.
పండకముందే రాల్చిన చెట్టుని తిట్టుకున్నాను.
ఆ చెట్టు నేనే.

నలభై రోజులు మిషను ఊపిరి పోసింది.
పోసిన ఆ గాలే లోపల గీరుకుని
మచ్చలు కట్టిందట.
బతికించినదాన్ని తిట్టడానికి
నోరు రాలేదు.

ముక్కు గొట్టాన్ని బుగ్గకి అంటించిన ప్లాస్టరు
రెండ్రోజులకోసారి మార్చాలి.
ఓసారి దాంతోపాటు తోలు లేచొచ్చింది.
దమయంతి సిస్టరు మొహం తిప్పుకుంది.
"నాను తీస్తానమ్మా, ఇలగియ్యి."
బద్ద కాకుండా గుండుపప్పు దించే వేళ్ళివి.
తడి దూది అద్ది, అంచు లేపి,
నా ఊపిరి కూడా బిగబట్టి...
చెయ్యి అదిరితే బద్దయ్యేది పప్పు కాదు.
ఆ తరవాత పక్క పెట్టెల తల్లులూ పిలిచేవారు,
"పప్పులమ్మా, ఓపాలి రావా" అని.

మా అత్త దాలమ్మ తవుడు మూట పట్టుకుని దిగింది.
ముగ్గురు నిలవని కడుపు ఆవిడది.
నాలుగోవాణ్ణి పెంట మీద పెట్టి
తవుడిచ్చి కొనుక్కుంటేనే దక్కాడట
నా మొగుడు, తవిటయ్య.
"దుమ్ము! లోపలికి తేకు!" అని అరిచింది సిస్టరు.
కాసేపటికి తనే వరండాలోకి వచ్చి
ముడి విప్పకుండా మూట అందుకుంది.
"ఇన్నాళ్ళూ పిల్ల నాదే కదా. సరే, అమ్మేశాను."
డిశ్చార్జి కాయితం మాత్రం
ఇంకో నెలకి గాని రాలేదు.

బట్టీల పొగ పడదని వీధి మారాం.
ఆక్సిజన్ మిషను అద్దెకి తెచ్చాం.
రాత్రీ పగలూ గుర్రుమనే మూడో మనిషి
మా ఒంటిగదిలో.
లైన్‌మన్ జోగినాయుడు కరెంటు తీసేముందు ఫోను చేస్తాడు:
"అప్పా, పావుగంట. సిలిండరు ఇప్పుకో."
గాలివాన రాత్రి ఎవరూ చెయ్యలేదు.
తవిటయ్య సిలిండరు ముల్లు చూస్తూ
నేను పిల్ల కాలికి కట్టిన ఎర్రదీపం అంకె చూస్తూ
తొంభై మూడు. తొంభై. ఎనభై తొమ్మిది.
తొంభై ఒకటి.
మాట్లాడుకోలేదు. ఎవరి లెక్క వాళ్ళది.
తెల్లారాక చూస్తే మేకుకి తగిలించిన గొడుగు
అలాగే ఉంది, ఇంటి కప్పు
సగం లేదు.

అర లీటరు. పావు. అందులో సగం.
ఏ అప్పూ ఇంత మెల్లగా తీర్చలేదు మేం.

మొన్న డాక్టరు ఆపి చూడమన్నాడు, గంటసేపు.
తవిటయ్య స్విచ్చి మీద వేలు పెట్టి
నొక్కలేక నా వైపు చూశాడు.
నేనే నొక్కాను.

ఇల్లు ఒక్కసారి ఖాళీ అయింది.
వీధిలో ఎండుచేపల మనిషి కేక,
పక్కింటి గిన్నెల చప్పుడు, గోడ మీద బల్లి,
ఇన్నాళ్ళూ గుమ్మం బయట నిలబడినవన్నీ
లోపలికొచ్చాయి.
వాటి కింద, ఇంకా కింద
సన్నటి చప్పుడు.
చేటలో పొట్టు మీద పొట్టు జారినట్టు.
చెవి దగ్గర పెట్టాను.
పద్నాలుగు నెలల పిల్ల ఊపిరి
ఎలా ఉంటుందో
నేను వినడం ఇదే.

"ఎంత?" అన్నాడు తవిటయ్య.
అంకె అడుగుతున్నాడు.
"ఉష్" అన్నాను.